మ్యూజియం బస్సెక్కిన రూపాయల దండ

పాల్వంచ పాత బజారులో అర కిలోమీటరు నడవడానికి నేను గంటన్నర తీసుకునేవాణ్ణి. కాళ్లు బాగాలేక కాదు. తల మీద పసుపు టోపీ, మెడలో బ్యాంకు బిళ్ల, చేతిలో బ్యాటరీ మైకు, వెనకాల నలభై మంది బడిపిల్లలు, వాళ్ల వెనక గొడుగులు పట్టుకున్న ఇద్దరు టీచర్లు, అందరికన్నా వెనక ఏదో పంచుతున్నారేమో చూద్దామని వచ్చిన జనం. ఏమీ పంచడం లేదు, డబ్బు చరిత్ర చెబుతున్నారు అని తెలిశాక ఆ చివరివాళ్లు మొదటి మలుపులోనే జారుకునేవారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఊరేగింపులో తెలివైనవాళ్లు వాళ్లే.

మా బ్రాంచికి ఏటీఎం వచ్చిన ఏడాది అది, అంటే రెండు వేల ఆరు ప్రాంతం. నేను ఫీల్డ్ ఆఫీసర్ని. అప్పు ఇచ్చే ముందు ఊళ్లకు పోయి మనిషినీ భూమినీ ఎద్దులనూ చూసి రావడం, ఇచ్చాక పోయి మళ్లీ వాటినే చూసి రావడం నా పని. ఆ ఏడు పై ఆఫీసుకు కొత్తగా వచ్చిన పెద్దాయన ఎక్కడికో శిక్షణకు వెళ్లి, అక్కడ ఒక బ్యాంకువాళ్ల మ్యూజియం చూశాడు. చూసి ఊరుకుంటే సరిపోయేది. తిరిగి వచ్చి సర్క్యులర్ పంపాడు. సిబ్బందిని మోసి మోసి మూలపడ్డ ఒక బస్సుకు రంగు వేసి, సీట్లు పీకి, అద్దాల బీరువాలు బిగించారు. అది ఊరికి వారం రోజులు ఆగుతుంది. జనాన్ని ముందు పాత వీధుల్లో నడిపించి, పూర్వం డబ్బు ఎక్కడ ఎలా తిరిగేదో చూపించాలి. ఆ తర్వాత బస్సెక్కించాలి. బస్సులో పెట్టాల్సిన పాత వస్తువులు మాత్రం బ్రాంచీలే సేకరించాలి.

మా బ్యాంకులో ఏదైనా టార్గెట్ రూపంలోనే పుడుతుంది. డిపాజిట్లకు టార్గెట్, రుణాలకు టార్గెట్, మొండి బాకీలకు టార్గెట్. ఆ నెల పాత వస్తువులకు టార్గెట్. మేనేజరు క్యాలిక్యులేటర్ తీసి భాగించి మనిషికి ఆరు అని తేల్చాడు. క్యాషియర్ ఎవరూ మార్చుకోని చిరుగు నోట్లు ఆరు తెచ్చి అద్దం వెనక పెట్టి, ఏళ్లనాటి పీడ వదిలించుకున్నాడు. ఒక గుమాస్తా వాళ్ల అత్తగారి తమలపాకుల పెట్టె తెచ్చి, అది వెనకటి లెక్కలు రాసేవాళ్ల పెట్టె అని కాగితం అంటించాడు. అటెండర్ ఇంట్లోని మానిక, సోల, తవ్వ పట్టుకొచ్చాడు. మూడో రోజు వాళ్లావిడ బస్సెక్కి, బియ్యం దేనితో కొలవాలె అని అడిగి, అద్దం తలుపు తానే తీసి వాటిని కొంగులో కట్టుకుని దిగిపోయింది. మ్యూజియం నుంచి తన వస్తువును ఎవరినీ అడగకుండా తీసుకుపోయిన మనిషిని నేను చూసింది ఆమె ఒక్కదాన్నే.

నడక నడిపించే పని నాకు పడింది. పడింది అనడం అబద్ధం. కావాలని తీసుకున్నాను. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనే. నేను చదువుతుంటే వెనక వరుసలోని ముసలివాళ్లు కూడా నిద్రపోరని పేరు. ఆ పేరు నాకు చాలా ఇష్టం. నాకు చరిత్ర తెలియదు. చరిత్ర చెబుతున్నట్టు వినిపించే గొంతు ఉంది. రెండు సాయంత్రాలు బజారులో ముసలివాళ్లకు టీలు తాగించి వాళ్లు చెప్పినవి రాసుకున్నాను. వాళ్లు చెప్పనివి నేనే కలుపుకున్నాను.

ఇక నా టార్గెట్. అయిదు వస్తువులు దొరికాయి, చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. ఆరోది చూసినవాళ్లు ఆగిపోయేలా ఉండాలని పట్టుబట్టింది నా మనసే, మేనేజరు కాదు. అప్పుడు గుర్తొచ్చింది అడవి వైపు దారిలో ఉన్న తండా, అందులో ఒక ముసలామె. పదేళ్లుగా మా బ్యాంకు ఖాతాదారు. ఒక పెళ్లిలో ఆమె మెడలో వెండి రూపాయల దండ చూశాను. రాజుల తలలున్న పాత రూపాయలు, ఒక్కోదానికి చెవి అతికించి నల్లదారంలో గుచ్చినవి.

వెళ్లేసరికి వసారాలో బొంత కుట్టుకుంటోంది. కొడుకు థర్మల్ కేంద్రంలో పనిచేస్తాడు, ఆ పూట షిఫ్టులో ఉన్నాడు. అతనుంటే నన్ను నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. ఆమె ఒక్కటే అడిగింది, చాయ్ తాగుతవా అని. నేను సంగతి చెప్పాను. లేచి రేకు పెట్టె తెరిచి, గుడ్డమూట విప్పి, దండను నా ఒళ్లో పెట్టింది.

"ఇది మా యాడిది సారూ," అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. "ఆమెకు ముప్పై ఆరు ఉండె. నాకూ మా చెల్లెకూ తెంపి పంచింది. ఇప్పుడు నాకు ముగ్గురు బిడ్డలు. ఈసారి తీజ్‌కు నేను తెంపుత."

తీజ్ అంటే శ్రావణంలో పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే పండుగ. తొమ్మిది రోజులు చేస్తారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలు కూడా పుట్టింటికి వస్తారు. ఆమె ఇంట్లో ఇంకొక పద్ధతి ఉంది. తల్లి బతికుండగానే, తన చేతులతోనే, దండ తెంపి కూతుళ్లకు పంచాలి. బిడ్డలు తమ వాటాకు తాము సంపాదించిన నాణేలు కలిపి కొత్త దారంలో గుచ్చుకుంటారు. తల్లి పోయేదాకా దండ తెగకుండా మిగిలిపోతే, ఆమె బిడ్డల్ని నమ్మలేదని చెప్పుకుంటారట. ఇవన్నీ ఆమె వివరంగా చెప్పింది. నేను మాత్రం రూపాయి మీది రాజు మీసాలు చూస్తూ విన్నాను.

"తీజ్ లోపల తెచ్చియ్యి సారూ. బిడ్డలకు కబురు పెట్టిన," అంది.

"వారం రోజులే అవ్వా. నేనే తెచ్చి నీ చేతుల పెడుత," అన్నాను.

సంచిలోంచి ఫారం తీశాను. స్టాంపు ప్యాడ్ ఇంకా బయటికి రాకముందే ఆమె ఎడమచేతి బొటనవేలు చాపింది. పదేళ్లలో మేము ఆమెకు నేర్పిన బ్యాంకింగ్ అంతా ఆ వేలిలోనే ఉంది. ఫారం ఖాళీది. మా పద్ధతి అదే. ఊళ్లో బల్ల ఉండదు, వాన ఉంటుంది, ఇంకో మూడు ఊళ్లు తిరగాల్సి ఉంటుంది. ముందు వేలిముద్రలు తీసుకుని, రాత పని ఆఫీసుకు వచ్చి తీరిగ్గా చేసుకునేవాళ్లం. మాలో ఎవరం దొంగలం కాదు. అందరం తొందరలో ఉన్నవాళ్లం. దొంగకైతే తాను చేస్తున్నదేమిటో తెలుస్తుంది.

మర్నాడు ఫారం నింపుతుంటే చూశాను. అందులో రెండే గడులున్నాయి, కొన్నది ఒకటి, బహుమతిగా వచ్చింది ఒకటి. తిరిగి ఇచ్చే షరతు మీద తెచ్చింది అనే గడి లేదు. పొద్దున లేస్తే అప్పులిచ్చే సంస్థ, తాను అప్పుగా తెచ్చుకునే రోజు ఒకటి వస్తుందని ఊహించలేదు. మేనేజరును అడిగాను. అయిదింటికి జాబితా పంపాలె, ఏదో ఒక దాంట్ల టిక్కు కొట్టు, మళ్ల చూసుకుందాం అన్నాడు. నేను బహుమతి దగ్గర కొట్టాను. కింద ఇంకో గీత ఉంది, పై విషయమంతా దాతకు ఆమె భాషలో చదివి వినిపించాను, ఆమె అర్థం చేసుకున్నది అని. దాని కింద సంతకం పెట్టాను. ఆమె భాషలో నాకు పది మాటలు రావు. వాటిలో ఒకటి యాడి, అదీ ముందు రోజే తెలిసింది.

నడక మొదలైంది. మొదటి మజిలీ పాత సహకార సంఘం గది. తలుపులు లేవు, లోపల మేకలుండేవి. రైతులు రైతుల కోసం డబ్బు కూడబెట్టుకున్న చోటు ఇదే అని నేను గొంతు పెంచితే, మేకలు తలలెత్తి చూసేవి. రెండోది అడవి సరుకు తూకం వేసిన స్థలం. చింతపండు, ఇప్పపువ్వు, చీపుర్లు తెచ్చి ఉప్పుకు మార్చుకున్న చోట ఇప్పుడు కోడిమాంసం అమ్ముతున్నారు. కోళ్లవాడు మొదటి రోజు మా గుంపును చూసి బేరం పెరుగుతుందని ఆశపడి నాలుగు కోళ్లు ఎక్కువ కోశాడు, ఎవరూ కొనకపోయేసరికి రెండో రోజునుంచి మానుకున్నాడు. నాలుగోది మా ఏటీఎం. ఇదిగో డబ్బు భవిష్యత్తు అని చెప్పి కార్డు పెట్టేవాణ్ణి. వారంలో నాలుగు రోజులు భవిష్యత్తు పనిచేయలేదు.

నేను అన్నిటికన్నా బాగా చెప్పేది మూడో మజిలీ. పాత షావుకారు దుకాణం. షావుకారు పోయి చాలా కాలమైంది. ఆయన మనవడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతూ రీచార్జి చేస్తుండేవాడు. నేను ఆ అరుగెక్కి షావుకారు వేషం కట్టేవాణ్ణి. పొట్ట ముందుకు తోసి, టోపీని తలపాగాలా తిప్పి, ముందు వరుసలోని పిల్లవాణ్ణి పిలిచి, వాడి వేలు పట్టుకుని లేని కాగితం మీద ఒత్తించేవాణ్ణి. "చదువు రాని మనిషితో తెల్లకాగితం మీద ముద్ర వేయించుకునేవాడు. ఆ పైన ఏం రాస్తాడో ఆయనకూ దేవుడికీ తెలుసు," అనేవాణ్ణి. పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. మనవడు కౌంటరు వెనక కూర్చుని రోజూ వినేవాడు, ఏమీ అనేవాడు కాదు. నా గొంతుకు లొంగిపోయాడనుకున్నాను.

అయిదో రోజు ముసలామె వచ్చింది. తన దండ అద్దంలో ఎట్ల కనిపిస్తుందో చూడాలని ఆర్టీసీ బస్సెక్కి వచ్చిందట. దారిలో మా గుంపు ఎదురైతే నన్ను గుర్తుపట్టి వెంట నడిచింది. మేకల దగ్గర నవ్వింది, ఉప్పు బేరం చెబుతుంటే అవ్ అవ్ అని తల ఊపింది. నా తల మీద టోపీ, చేతిలో మైకు ఆమెకు బాగా నచ్చినట్టున్నాయి. షావుకారు దుకాణం దగ్గర ముందుకు వచ్చి నిలబడింది. నేను ఎప్పటికన్నా బాగా చేశాను. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి అందరితో పాటు ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే అంది.

"నా తోని నువ్వు పెట్టించుకున్నవ్ గద సారూ, గట్లనే."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తనకు తెలిసిన సంగతి కథలో వచ్చినందుకు సంతోషం, అంతే. మైకు ఆమె వైపే ఉంది. మాట బజారంతా వినిపించింది. పిల్లలు ఇంకా ఎక్కువ నవ్వారు. టీచర్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. గొంతు నాదే, బాగానే పలికింది.

మనవడు అప్పుడు కౌంటరు మీద మోచేతులు ఆనించి మొదటిసారి మాట్లాడాడు. "మా తాత పోయి ముప్పై ఏండ్లాయె సారూ. పనైతే ఆగలే."

అక్కణ్ణుంచి బస్సు దగ్గరికి వెళ్లాం. ముసలామె దండ ముందు చాలాసేపు నిలబడింది. అద్దం మీద తన మొహం కూడా కనిపిస్తున్నట్టుంది, కొంగు సర్దుకుంది. దండ కింద చిన్న అట్టముక్క మీద అక్షరాలున్నాయి. ఏం రాసిండ్రు అని అడిగింది. అట్ట మీద ఉన్నది ఇది: గిరిజన మహిళల ఆభరణం, బహుమతిగా అందినది.

"నీ దండ అని రాసిండ్రు అవ్వా," అన్నాను.

మంచిగ రాసిండ్రు అని, ఇంకోసారి చూసుకుని దిగిపోయింది.

వారం అయ్యాక వస్తువులు దింపుతారని నేను నిజంగానే అనుకున్నాను. దింపలేదు. బస్సు తల్లాడ పోయింది, వైరా పోయింది, ఖమ్మం పోయి, అటునుంచి హైదరాబాదు పోయింది. మంచివన్నీ ఏరి అక్కడ పెద్ద ఆఫీసులో శాశ్వత మ్యూజియం పెడతారని కబురు వచ్చింది. మా బ్రాంచినుంచి ఏరినది ఒక్కటే. మేనేజరు నా భుజం తట్టాడు.

ముసలామె ప్రతి మంగళవారం వచ్చి బెంచీ మీద కూర్చునేది. సంత కూడా చూసుకుని వచ్చేది కనుక ఒళ్లో ఆకుకూరల మూట ఉండేది. వచ్చే వారం అవ్వా అనేవాణ్ణి. బస్సు ఖరాబైంది అవ్వా అనేవాణ్ణి. ఒకసారి బస్సు సత్తుపల్లిలో ఉందన్నాను, ఆ ఊరు దాని దారిలోనే లేదు. ఆమె ప్రతిసారీ సరే అని లేచేది. ఒక్కరోజు గొంతు పెంచినా నాకు సుఖంగా ఉండేది, మేనేజరు గదిలోకి పంపి ఊరుకునేవాణ్ణి.

పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఎట్లా రాశానంటే, దాత తన నిర్ణయాన్ని పునరాలోచిస్తున్నట్టు తెలియవస్తున్నది, తగు చర్య నిమిత్తం అని. మా బ్యాంకులో తప్పు తనది కాకుండా రాయడానికి ఒక భాష ఉంది, అందులో నేను ఆరితేరినవాణ్ణి. జవాబు వచ్చింది. బహుమతి స్వీకరించాక తిరిగి ఇచ్చే నిబంధన లేదు, దాత వేలిముద్రతో కూడిన పత్రం నకలు జతపరచడమైనది, దాన్ని ధ్రువీకరించినది మీరే. చివరి మూడు మాటల కింద గీత గీసి పంపారు.

అప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు. ఆ నెలలోనే నాకు ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. రాయలేదు.

తీజ్ వచ్చింది, పోయింది. ఆ తొమ్మిది రోజులు నేను ఆ దారిలో ఫీల్డు పని పెట్టుకోలేదు. పండుగ అయిన మూడో రోజు ఆమె కొడుకు బ్రాంచికి వచ్చాడు. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, బూడిద దుమ్ముతో ఉన్న హెల్మెట్ చంకలోనే ఉంది. బయట మాట్లాడదాం అంటే సైకిళ్ల షెడ్డు కిందికి వెళ్లాం.

"అక్కలు నేనే అమ్ముకున్న అనుకుంటున్నరు సారూ," అన్నాడు. "పోయిన నెలలనే బండి కొన్న గద. పైసలు ఏడియి అంటున్నరు. నడిపక్క మా ఇంట్ల నీళ్లు గూడ తాగలే. పండుగ నాడే మూట కట్టుకుని పోయింది."

అమ్మ చెప్పలేదా అని అడిగాను.

"చెప్పింది. బ్యాంకు సారు బస్సుల పెట్టనీకె తీసుకపోయిండు అంటే ఎవరు నమ్ముతరు? కొడుకును దాచనీకె చెప్తున్నవ్ అన్నరు." హెల్మెట్‌ను రెండో చంకలోకి మార్చుకున్నాడు. "ఒక్క కాగితం ఇయ్యి సారూ. దండ మీ కాడ ఉన్నది, తిరిగి ఇచ్చేదున్నది అని. సాలు."

రెండు వాక్యాల కాగితం. కానీ తిరిగి ఇచ్చేది ఉన్నదని నేను సంతకం పెడితే, బహుమతి అని నేను పెట్టిన సంతకం అబద్ధమవుతుంది. మేనేజరును అడగాలె అన్నాను. అతను నా వైపు చూసి, హెల్మెట్ తొడుక్కుంటూ అన్నాడు. "మా అమ్మ నిన్ను అడగొద్దనే అన్నది. సారుకు ఇబ్బంది అయితదట."

ఇంటికి వచ్చి ప్రార్థన చేసుకున్నాను. కళ్లు తుడుచుకున్నాను కూడా. మా ఆవిడ బడిలో పంతులమ్మ, పిల్లల సాకులు రోజూ వినే మనిషి. తలుపు దగ్గర నిలబడి అంతా చూసి అంది, "దేవుని కాడ రోజూ ఒప్పుకుంటనే ఉంటవ్. ఆఫీసుల ఒక్కసారి ఒప్పుకో." నేను ఆమె మీద కోప్పడ్డాను. దేవుడి దగ్గర ఒప్పుకుంటే మెమో రాదు.

ప్రమోషన్ వచ్చింది. బ్రాంచి మొత్తానికి స్వీట్లు పంచాను. మంగళవారం కనుక ముసలామెకూ ఒకటి ఇచ్చాను. కొంగులో కట్టుకుంది, మనవరాలికట.

చలికాలంలో హైదరాబాదులో మ్యూజియం తెరిచారు. అన్ని ఊళ్లనుంచి నడకలు నడిపించిన మాలాంటివాళ్లను పిలిచి జ్ఞాపికలు ఇచ్చారు. నాకు వచ్చినదాని మీద ఒక గాజు నాణెం, దాని కింద ఉత్తమ వ్యాఖ్యాత అని ఉంది. తర్వాత గదులు చూపించారు. ఒక కుర్రది చెవికి మైకు తగిలించుకుని, నాకన్నా మంచి గొంతుతో వెనక్కి వెనక్కి నడుస్తూ చెబుతోంది. మూడో గదిలో దండ కనిపించింది. ఎర్ర మఖ్మల్ అతికించిన చెక్క మీద అర్ధచంద్రాకారంలో పరిచి, కింద దీపం పెట్టారు. తరతరాలుగా ఒక్క నాణెం కూడా తెంపకుండా కాపాడుకుంటూ వచ్చిన దండ అని ఆ అమ్మాయి చెప్పింది. అందరూ తలలూపారు. పక్కన గోడ మీద ఫారాన్ని మనిషంత ఎత్తున పెద్దది చేసి బిగించారు. ముసలామె బొటనవేలు పళ్లెమంత ఉంది. గీతలు, వాటి మధ్య ఎప్పుడో సూదో ముల్లో గుచ్చుకున్న మచ్చ, అన్నీ కనిపిస్తున్నాయి. దాని కింద నా సంతకం. పక్క జిల్లా ఆయన ఎవరో దాన్ని చదివి, మీదేనా అని నాకు చెయ్యి ఇచ్చాడు.

అక్కడే మైకు అందుకుని నిజం చెప్పానని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. ముందు భోజనం చేశాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా. చెయ్యి కడుక్కున్నాక మ్యూజియం చూసే ఆఫీసరు గదికి వెళ్లి తెల్లకాగితం అడిగాను. వేలిముద్ర ఆమెదే. ఆ పైనున్న ప్రతి అక్షరం తర్వాత నేను రాసుకున్నది. ఆమె ఇచ్చింది వారం రోజులకు. చదివి వినిపించాననడం అబద్ధం. నాలుగు వాక్యాలు. ఉద్యోగంలో చేరాక నిమిత్తం అన్న మాట లేకుండా నేను రాసిన మొదటి కాగితం అదే. ఆఫీసరు చదివి కళ్లజోడు తీసి, ఎందుకండీ, ఎవరూ అడగలేదు కదా అన్నాడు. నా మేలు కోరే అన్నాడు.

మెమో వచ్చింది, విచారణ జరిగింది, ప్రమోషన్ పోయింది. మధిర వైపు ఒక చిన్న బ్రాంచికి వేశారు. దీన్ని నేను శిక్షగా చెప్పుకుని సానుభూతి అడగను. అడిగినవాళ్లకు అప్పట్లో చెప్పుకున్నాను, అది కూడా తప్పే. దండ మాత్రం వచ్చేసరికి మళ్లీ శ్రావణం దగ్గరపడింది. న్యాయం గుర్తొచ్చి ఇవ్వలేదు, పత్రికలవాళ్లకు తెలుస్తుందేమోనని ఇచ్చారు. చెక్కతో సహా ఇచ్చారు. నాణేలు జారకుండా ఒక్కోదాన్ని వెనకనుంచి జిగురుతో అతికించారు.

తీజ్ ఎనిమిదో రోజు దాన్ని గుడ్డలో చుట్టి తండాకు తీసుకెళ్లాను. ముగ్గురు బిడ్డలూ ఉన్నారు. నడిపి ఆమెను, అంటే ఆ రెండో అక్కను, తీసుకురావడానికి తమ్ముడు రెండుసార్లు వాళ్ల ఊరు వెళ్లాడట. వచ్చింది కానీ అతనికి వీపు పెట్టి కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. మీ తమ్ముడు అమ్మలేదు, నేను తీసుకుపోయాను, ఇచ్చేసిందని దొంగరాత రాసింది నేను, మీరు అడుగుతారని తెలిసి ఏడాదినుంచి దాక్కున్నది నేను. గొంతు ఆ రోజు నాకు సాయం చేయలేదు.

నడిపి బిడ్డ తిరిగి చూసింది. "ఏడాది సంది ఈ మాటను ఏ కుండల దాచినవ్ సారూ?"

తెచ్చినదాన్ని వాళ్ల అమ్మ ముందు పెట్టాను. ముసలామె మూట విప్పి చెక్కను ఒళ్లో పెట్టుకుంది. ఒక రూపాయిని గోటితో లేపబోయింది. రాలేదు. ఇంకొకటి లేపి చూసింది.

"గిట్ల ఎందుకు అతికించిండ్రు?"

"తెగిపోకుంట అవ్వా."

"తెంపనీకె గద ఉంచుకునేది," అంది.

కొడుకు లేచి పొయ్యి మీద వెడల్పు గంగాళం పెట్టి నీళ్లు కాచాడు. చెక్కను అందులో ముంచారు. మఖ్మల్ రంగు వదిలి నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. గంగాళం దించేటప్పుడు రెండో పక్క నడిపి బిడ్డ పట్టుకుంది. తమ్ముడి మొహం చూడలేదు, పట్టు మాత్రం వదల్లేదు. మేమందరం చుట్టూ కూర్చుని రూపాయలు ఒక్కొక్కటే ఊడదీశాం. జిగురు గోళ్లలో ఇరుక్కుంది. పాత నల్లదారాన్ని ఆ మ్యూజియం వాళ్లు ఎప్పుడో పారేశారు. పెద్దబిడ్డ కొత్త దారం తెస్తే, ముసలామె రూపాయలన్నిటినీ మళ్లీ గుచ్చింది. తెంపడానికి ముందు దండ అయి ఉండాలి కదా. గుచ్చి ముడి వేసి, మెడలో వేసుకుని, పొయ్యి ముందు సర్దుకుని కూర్చుంది. బిడ్డలు ఆమె ఎదురుగా కూర్చున్నారు.

నేను నులకమంచం మీద చోటు చూసుకున్నాను. ఇదంతా బాగా చూడాలి, ఎప్పుడైనా ఎవరికైనా చెప్పవచ్చు అని ఆ క్షణంలో కూడా నాకు అనిపించింది. ఇది దాచుకోవలసిన మాటే కానీ రాస్తున్నాను.

ముసలామె నా వైపు తల తిప్పింది. "సారూ, నువ్వు బయటికి పో," అంది. నేను కదలకపోయేసరికి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు మళ్లీ చెప్పింది. "ఇది చూసేది కాదు."

బయటికి వచ్చాను. కొడుకూ వచ్చాడు, అది ఆడవాళ్ల పనట. లోపలినుంచి ఎవరో తలుపు వేశారు. తుంపర పడుతోంది. చూరు కింద అతను ఒక చివర, నేను ఒక చివర నిలబడ్డాం. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినిపించలేదు, వినిపించినా నాకు ఆ భాష రాదు. కాసేపయ్యాక అతను రోడ్డు వైపు చూస్తూ, వాన పెద్దగైతది, జల్దీ పో సారూ అన్నాడు. నేను బండి తీశాను.